కార్వర్‌విల్‌లో చూడదగినవి

మా నాన్న రాజారావు తణుకు బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనకాల ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాడు. భద్రాచలం బస్సు ఎన్నింటికి, దారిలో ఎక్కడెక్కడ ఆగుతుంది, దిగాక గుడికి ఎంత నడవాలి, అన్నీ నోటికే చెప్పేవాడు. వాటిలో సగం ఊళ్ళు ఆయన చూసినవి కావు. అయినా ఊళ్ళ విషయంలో ఆయన్ని బోల్తా కొట్టించినవాళ్ళు లేరు. అలాంటి మనిషికి నేను ఒక ఊరి గురించి రెండేళ్ళు అబద్ధాలు చెప్పాను. 2006 మే నెలలో ఆ ఊరు చూడటానికి ఆయనే స్వయంగా బయల్దేరి వచ్చాడు.

ఆ ఊరు కార్వర్‌విల్. అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య ఉంటుంది. ఎనిమిది వేల జనాభా, అందులో రెండు వేలమంది కాలేజీ పిల్లలే. ఫీజు మొత్తం మాఫీ అన్నారని స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్ చెయ్యడానికి అక్కడ దిగాను. నాతోపాటు వీసా వచ్చిన స్నేహితులు కొందరు శాంటా క్లారా వైపు, కొందరు ఎడిసన్ వైపు వెళ్ళారు. వాళ్ళకి ఇడ్లీలు, తెలుగు సినిమాలు, పోట్లాడుకోవడానికి రూమ్మేట్లు. నాకు మొక్కజొన్న. ఊరు మొత్తానికి తెలుగు మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే, అదీ నాలో నేను మాట్లాడుకుంటేనే.

అప్పట్లో కాలింగ్ కార్డు గీకి, ఆదివారం సాయంత్రం ఇంటికి ఫోన్ చేసేదాన్ని. తణుకులో అప్పుడు సోమవారం తెల్లారుతూ ఉండేది. మొదటి నెలలోనే అమ్మ, "నిన్న ఆదివారం కదా, ఏం తిన్నావే?" అని అడిగింది. నేను తిన్నది బ్రెడ్డు, దానిమీద టమాటా సాసు. ఆ మాట బయటికొస్తే దాని వెనకాలే ఏడుపొస్తుందని తెలుసు. అందుకని, "ఇక్కడ మన తెలుగావిడ ఒకరున్నారమ్మా, శశికళ ఆంటీ అని. భోజనానికి పిలిచారు. ముద్దపప్పు, దొండకాయ కొబ్బరి వేపుడు, పెరుగు" అనేశాను. ఆ పేరు ఎందుకు నోటికొచ్చిందో ఇప్పటికీ తెలీదు. అటువైపు అమ్మ "అమ్మయ్య" అంది. ఆ అమ్మయ్య కోసం ఆ తర్వాత ప్రతి ఆదివారం శశికళ ఆంటీ వంట చెయ్యాల్సి వచ్చింది.

ఒక్క అబద్ధంతో ఆగితే నేను మా ఇంటి పిల్లనెలా అవుతాను? ఆంటీకి నీలం తలుపుల ఇల్లు కట్టించాను. కెమిస్ట్రీ ప్రొఫెసరు శ్యామ్‌సుందర్ గారితో పెళ్ళి చేశాను. కూర ముట్టని కొడుకు సాత్విక్‌ని, బుద్ధిమంతురాలైన కూతురు విద్యని ఇచ్చాను. వాళ్ళ ఇంటి వెనకాల గోదారంత కాకపోయినా గోస్తనీకి తీసిపోని నదిని పారించాను. ఇరవై నిమిషాల దూరంలో వెంకటేశ్వరస్వామి గుడి కూడా పెట్టాను. పరీక్షలప్పుడు కథలల్లే తీరిక లేక ఆంటీ కాలు బెణికించాను. అమ్మ వెంటనే ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించింది. నాకు సిగ్గేసి వారం తిరక్కుండానే కాలు బాగుచేశాను.

అమ్మకి ఆవిడ వంట మీద మహా ఆసక్తి. "పప్పులోకి ఏం వేసిందిట? నేనైతే ఇలా కాదు. పిడికెడు కందిపప్పు, ఒక్క టమాటా, రెండు పచ్చిమిరపకాయలు వేసి, దించేముందు చింతపండు పులుసు చెంచాడు పొయ్యమని చెప్పు ఆవిడకి" అనేది. ఇలా వారానికొకటి చెప్పేది. ఎలాగూ విన్నాను కదా అని నేను ఎడిసన్ నుంచి పోస్టులో కందిపప్పు తెప్పించుకుని ఒక్కొక్కటీ వండుకోవడం మొదలుపెట్టాను. రెండో ఏడాదికి బ్రెడ్డూ సాసూ మానేశాను. ఆ ఘనత అంతా నాదే అనుకున్నాను.

మా కాన్వొకేషన్‌కి నాన్న ఒక్కడే వచ్చాడు. తమ్ముడు కిరణ్‌కుమార్‌కి ఎంసెట్ ఉందని అమ్మ ఆగిపోయింది. అమ్మ పేరు గిరిజ. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మా వీధిలో సగంమంది ఆడవాళ్ళ కొలతలు పుస్తకం చూడకుండా చెప్పేస్తుంది. బుధవారం సాయంత్రం నాన్న నా గదిలో సూట్‌కేసు తెరిచాడు. అన్నిటికంటే పైన, గుడ్డలో చుట్టి మిషను దారంతో కట్టిన పొట్లం ఉంది. దానిమీద కాగితం అంటించి, అమ్మ గుండ్రటి అక్షరాలతో 'శశికళ గారికి, రెండేళ్ళు మా అమ్మాయిని చూసుకున్నందుకు' అని రాసింది.

"చీర," అన్నాడు నాన్న. "మీ అమ్మ చేతికివ్వమంది." ఆ మాటనేసి కిటికీ దగ్గరికెళ్ళి, "అమ్మలూ, ఈ ఊళ్ళో బస్టాండు ఎటు?" అని అడిగాడు.

సోమవారం పొద్దున్నే మేమిద్దరం చాండ్లర్ బయల్దేరాలి, నాకు అక్కడ ఉద్యోగం వచ్చింది. అంటే నాలుగు రోజులు నెట్టుకొస్తే చాలు. ఆంటీ వాళ్ళు ఊళ్ళో లేరని చెబుదాం, ఈలోపల నాన్నకి ఊరు చూపిస్తూ ఊపిరాడనివ్వకుండా తిప్పుదాం అనుకున్నాను. నాన్న నా మాట నమ్మకపోతే నన్నేమీ అనడు. అదే నా భయం. ఆయన కోపం నేను భరించగలను గానీ, రెండేళ్ళు నా కూతురు నాతో ఇలా మాట్లాడిందా అని ఆయన మొహం చిన్నబోతే ఎలా చూడను?

గురువారం పొద్దున్నే టూరు మొదలైంది. కార్వర్‌విల్‌లో టూరంటే నడవడమే. ముందు కోర్టు ముందరున్న నలుచదరపు మైదానం, దాని నడుమ గడియారం. అది నాలుగుంబావు దగ్గర ఆగి చాలా ఏళ్ళయింది. "నాన్నా, శశికళ ఆంటీ వాళ్ళు..." అని మొదలుపెట్టాను. "ఆ గడియారం బాగుచేసేవాడు ఊళ్ళో ఎవడూ లేడా?" అన్నాడు నాన్న. లేడన్నాను. గడియారాల మీద పావుగంట మాట్లాడాడు.

తర్వాత కాలేజీ డెయిరీకి తీసుకెళ్ళాను. వ్యవసాయం చదివే పిల్లలే పాలు పితికి, వాళ్ళే ఐస్‌క్రీమ్ చేసి అమ్ముతారు. నాన్న వెనకాలకి వెళ్ళి ఆవుల్ని కూడా పలకరించి వచ్చాడు. మధ్యాహ్నం పన్నెండింటికి గంటల గోపురం కింద నిలబెట్టాను. అక్కడ ఒకమ్మాయి పైన కూర్చుని హార్మోనియం వాయించినట్టు గంటలు వాయిస్తుంది. కింద పచ్చిక మీద పడుకున్న పిల్లలు కళ్ళు మూసుకుని వింటారు. నాన్న చెప్పులు విప్పి విన్నాడు. ఎందుకు నాన్నా అంటే, గంటలు కదమ్మా అన్నాడు. ఆ గంటలు నేను రెండేళ్ళు రోజూ విన్నాను. ఒక్కరోజు కూడా తలెత్తి చూడలేదు.

ఆ ఊళ్ళో బస్టాండు లేదు. పెట్రోలు బంకు పక్కన రోజుకొక్క దూరప్రాంతం బస్సు రెండూ పదికి ఆగుతుంది. "ఒక్కటా?" అని నాన్న నిజంగానే బాధపడ్డాడు. చేతి గడియారం చూసుకుంటూ అక్కడే నిలబడ్డాడు. బస్సు పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఎందుకు లేటో అడగమన్నాడు. మా నాన్న ఆర్టీసీ మనిషి అని నేను నసుగుతూ చెబితే, ఆ లావుపాటి డ్రైవరు కిందికి దిగి షేక్‌హ్యాండ్ ఇచ్చి, రోడ్డు పనుల సంగతి ఆఫీసరుకి చెప్పినంత బుద్ధిగా చెప్పాడు. నాన్నకి ఆ ఊరు ఆ క్షణం నుంచే నచ్చింది.

సాయంత్రం మళ్ళీ గొంతు సవరించుకున్నాను. "నాన్నా, ఆంటీ వాళ్ళ అమ్మాయి..." "ఇక్కడ గుండీల మ్యూజియం ఉందిట కదా, రేపు తీసుకెళ్తావా?" అన్నాడు. ఆ మ్యూజియం గురించి ఈయనకెవరు చెప్పారా అని నాకు తట్టనైనా తట్టలేదు. గండం గడిచిందన్న సంతోషంలో ఉన్నాను.

శుక్రవారం ఆ మ్యూజియంలో గంటన్నర ఉన్నాం. పూర్వం మిసిసిపీ నదిలో ఆల్చిప్పలు ఏరి, వాటిలోంచి గుండ్రంగా కోసి చొక్కా గుండీలు చేసేవాళ్ళట. కోసేసిన చిప్పలు, జల్లెడలాగా చిల్లులతో, గోడ నిండా ఉన్నాయి. నేనింతకుముందు ఒక్కసారైనా లోపలికి వెళ్ళలేదు. గుండీలేం చూస్తాంలే అనుకున్నాను. గుండీలు కుట్టిపెట్టిన ప్రతి అట్ట ముందూ నాన్న ఆగి, నాలుగు చిల్లులవి ఎన్ని, రెండు చిల్లులవి ఎన్ని అని అడిగించాడు. "మీ అమ్మ చూడాల్సిందే," అని మూడుసార్లు అన్నాడు. కౌంటర్లో ముసలావిడ దగ్గర ఆరు గుండీలున్న అట్ట ఒకటి కొని, రుమాల్లో చుట్టి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

అక్కణ్ణుంచి ఊరి చివర చెక్క వంతెనకి నడిచాం. ఇంటికి వేసినట్టు కప్పు వేసి ఉంటుంది దానికి, మంచుకి చెక్క పాడవకుండా. కింద వాగు. గేదె దిగితే మోకాళ్ళు తడవవు. ఈ ఊళ్ళో ఉన్న నీరంతా అదే. రెండేళ్ళపాటు నేను గోస్తనీలా పారించిన నది అదే. నాన్న కమ్మీ పట్టుకుని కిందికి చూస్తూ, "చక్కగా ఉందమ్మా," అన్నాడు. అంత మంచిగా అనకపోయినా బాగుండేది. నాకు ఇంక తట్టుకోవడం చేతకాలేదు.

"నాన్నా, ఇక్కడ నది లేదు. గుడి లేదు. శశికళ ఆంటీ అనే మనిషే లేదు. అన్నీ నేను కల్పించాను," అన్నాను. ఏడుపు ఆగలేదు. వంతెన మీద సైకిల్ తొక్కుతున్న పిల్ల ఒకతె ఆగి, ఏం జరిగిందా అని చూసి వెళ్ళిపోయింది.

నాన్న సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడతలు చిరిగితే సెలోటేపు వేసి ఉంది. కార్వర్‌విల్ ఊరివాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టుకున్న పేజీ అది. ఊళ్ళో చెయ్యదగినవి, చూడదగినవి, మొత్తం ఎనిమిది. ఒక్కొక్క ఇంగ్లీషు లైను పక్కన నాన్న తెలుగులో రాసుకున్నాడు. ఆగిన గడియారం, పాల కేంద్రం, గంటలు, గుండీలు, కప్పున్న వంతెన. మేం చూసినవాటికి పెన్సిల్‌తో టిక్కులున్నాయి. కింద తారీకు చూస్తే 2004 సెప్టెంబరు.

"నువ్వొచ్చిన నెలలోనే నెట్ సెంటర్లో తీయించాను," అన్నాడు. "రోజూ వందమందికి ఊళ్ళ సంగతులు చెప్పేవాణ్ణి. పిల్లని పంపిన ఊరెలాంటిదో కనుక్కోకుండా ఉంటానా? నువ్వు నది అన్నావు. ఆ నెట్ సెంటర్ అబ్బాయి చేత నాలుగుసార్లు చదివించాను, నది లేదు. గుడి ఉంటే రాయరా అమ్మలూ? గుండీల్ని కూడా రాసుకున్న ఊరు ఇది."

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే నువ్వేం చెబుతావు? నిజం చెబితే ఏడుస్తావు. అంత దూరంలో ఏడిస్తే నేనేం చెయ్యగలను? ఆవిడ గురించి చెప్పేటప్పుడు నీ గొంతు బాగుండేది. ఆ పది నిమిషాలూ నువ్వు నిజంగానే ఎవరింట్లోనో కడుపునిండా తిన్నట్టుండేది. అందుకే ఆవిణ్ణి ఉండనిచ్చాను." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నిన్నా ఇవాళా నువ్వు నోరు తెరిచినప్పుడల్లా నాకు భయమేసింది. మళ్ళీ ఒక అబద్ధం చెప్పి నీలో నువ్వు నలిగిపోతావని."

అందుకే గడియారాలు, గుండీలు అడ్డం వేశాడన్నమాట. నేను నాన్నని తిప్పుతున్నాననుకున్నాను. తిప్పింది ఆయన.

"ఆదివారాలు నిజంగా ఏం తినేదానివి?" అని అడిగాడు. చెప్పాను. బ్రెడ్డు సంగతి, సాసు సంగతి. డిసెంబరు సెలవులకి హాస్టలు ఖాళీ అయిపోయి, పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడకపోతే, గొంతు పనిచేస్తుందో లేదోనని అద్దం ముందు ఎక్కాలు చదివిన సంగతీ చెప్పాను. అది విని నాన్న ఏడ్చాడు. నాన్న ఏడవడం నేను అప్పటిదాకా చూడలేదు. నా తల మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచాడు. నాకు ఎంత తేలికగా అనిపించిందంటే, ఆ ఊరి మీద రెండేళ్ళుగా ఉన్న కోపం కూడా పోయింది.

తిరిగి నడుస్తుంటే నాన్న గొంతు తగ్గించి అన్నాడు. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. మీ అమ్మకి ఇది తెలియకూడదు. ఈ కాగితం రెండేళ్ళు ఆఫీసు డ్రాయర్లో దాచాను. ఆవిడ ప్రాణమంతా ఆ శశికళ మీదే పెట్టుకుంది. శశికళే లేకపోతే నా పిల్ల ఏమైపోయేదని దణ్ణాలు పెడుతూ ఉంటుంది. తెలిస్తే బెంగతో మంచం పడుతుంది. చీర ఇచ్చేశామని చెబుదాం." సరేనన్నాను. ఏ రంగు చీర అని ఫోన్లో మాట వస్తే దొరికిపోతాం కాబట్టి, ముందు విప్పి చూసుకుందామని కూడా అనుకున్నాం. ఇద్దరం దొంగల్లా గదికి చేరాం.

పొట్లం దారం నేనే తెంపాను. నేరేడుపండు రంగు ఉప్పాడ చీర, పసుపుపచ్చ అంచు. "బావుంది," అన్నాడు నాన్న. నేను మడత విప్పాను. లోపల జాకెట్టు ఉంది. జాకెట్టు గుడ్డ కాదు. కుట్టిన జాకెట్టు.

పెట్టుబడి చీర మీద గుడ్డ పెడతారు. కొలతలు తెలియని మనిషికి కుట్టిన జాకెట్టు ఎవరూ పంపరు, అందులోనూ పాతికేళ్ళుగా కుట్టేవాళ్ళు అసలు పంపరు. దాన్ని మంచం మీద పరిచాను. నా ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి ఉంటుంది. చిన్నప్పుడు చెయ్యి విరిగినప్పటినుంచీ అంతే. బయట కుట్టించుకుంటే ఎప్పుడూ అటువైపు జారుతుంది. అమ్మ మాత్రమే ఎడమవైపు పావంగుళం తగ్గించి కుడుతుంది. ఈ జాకెట్టుకి ఎడమవైపు పావంగుళం తక్కువ.

"నాన్నా, ఇది నా జాకెట్టు," అన్నాను.

నాన్నకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మంచం మీద కూలబడ్డాడు. "ఎలా తెలిసిందే ఆవిడకి? కాగితం డ్రాయర్లో తాళం వేసి పెట్టాను!" అన్నాడు. ఆ స్థితిలోనూ ఆయన బాధ అదే.

అమ్మకి కాగితం ఎందుకు? మొదటి ఆదివారమే నేను దొండకాయల్లో కొబ్బరి వెయ్యించాను. ముద్దపప్పు, దానితో ఆ వేపుడు, మా ఇంట్లో అమ్మ ఆదివారం వంట అచ్చంగా అదే. ఆ తర్వాత ఆంటీ చేసినవన్నీ అమ్మ వంటలే, అమ్మ చేసే వరసలోనే. ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. పిడికెడు కందిపప్పు, ఒక్క టమాటా. నలుగురున్న ఇంటికి పిడికెడు పప్పు ఏం మూలకి? అమ్మ మొదటినుంచీ ఒక్క మనిషికి సరిపడా కొలతలే చెప్పింది. శశికళ ఆంటీకి చెప్పమని రెండేళ్ళు నాకే వంట నేర్పింది. నా కడుపు నింపింది. నా అబద్ధాన్ని చెక్కుచెదరనివ్వలేదు. నేను ఆ జాకెట్టు మొహానికి ఆనించుకుని ఎంతసేపు ఏడ్చానో తెలీదు. దానికి మా మిషను నూనె వాసన ఉంది.

శనివారం కాన్వొకేషన్‌కి ఆ చీరే కట్టుకున్నాను. రెండేళ్ళు చీర ముట్టకపోయేసరికి కుచ్చిళ్ళు కుదిరి చావలేదు. నాన్న నేల మీద మోకాళ్ళేసుకుని కూర్చుని ఒక్కొక్క కుచ్చీ సర్ది పట్టుకున్నాడు. "మీ అమ్మకి పెళ్ళైన కొత్తలో ఎన్నిసార్లు పట్టుకున్నానో," అన్నాడు. నల్ల గౌను కింద నేరేడు రంగు అంచు కనిపిస్తూ స్టేజీ ఎక్కాను. నా పేరు పిలిచినవాడు ఉజ్వలని మూడు ముక్కలు చేశాడు. నాన్న ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మధ్యాహ్నం కాగితంలో మిగిలిన మూడూ చూసి టిక్కులు పెట్టేశాం. ఎనిమిదికి ఎనిమిది. పాత సినిమాహాలు, చెట్టంత సిమెంటు మొక్కజొన్న కంకి, కాలేజీ వెనక ఎవరూ దున్నని గడ్డి మైదానం. నేను మాత్రం రెండేళ్ళలో ఊరంతా తిరిగింది ఆ మూడు రోజులే.

ఆదివారం సాయంత్రం ఆఖరిసారిగా ఆ గదిలోంచి ఫోన్ చేశాను. నాన్న పక్కనే చెవి రిసీవరుకి ఆనించి కూర్చున్నాడు. ఏమనాలో ఇద్దరం ముందే అనుకున్నాం, అమ్మ గొంతు వినగానే ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"శశికళ గారికి చీర అందిందా?" అంది అమ్మ, ప్రతి వారం అడిగే గొంతుతోనే.

"అందిందమ్మా. చాలా బావుందంది."

"జాకెట్టు సరిపోయిందా?"

"సరిపోయింది. భుజాల దగ్గర అతికినట్టుంది. చేతులే కొంచెం వదులయ్యాయి."

అటువైపు మిషను పెడలు చప్పుడు ఆగింది.

"అయితే చిక్కిందన్నమాట," అంది అమ్మ. "చాండ్లర్ వెళ్ళాక పప్పు పిడికెడు చాలదు. రెండు పిడికిళ్ళు వేసుకోమని చెప్పు ఆవిడకి."

"చెబుతానమ్మా," అన్నాను.